ఎన్ని రోజులు, ఎంత మందు: పిల్లల వైద్యంపై పాఠకుల ప్రశ్నలు

చెన్నైలోని మన తెలుగువాళ్ళ నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు ఇంచుమించు ఒకే అనుమానం చుట్టూ తిరిగాయి. డాక్టరు తక్కువ రోజులు రాశారు, తక్కువ మోతాదు చెప్పారు, ఇది సరిపోతుందా? పిల్లలకు మందు ఎంత కావాలన్నది చాలాకాలం పాటు పెద్దవాళ్ళ మోతాదును బరువును బట్టి తగ్గించి వేసుకున్న అంచనా మాత్రమే. నేరుగా పిల్లల్లోనే చేసిన పెద్ద పరిశోధనలు ఎక్కువగా ఈ పాతికేళ్ళలోనే వచ్చాయి. వాటిలో కొన్ని ‘ఇంత అక్కర్లేదు’ అని తేల్చాయి. ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గిస్తే ముప్పో తెలియాలి కాబట్టి కొన్నిటికి కాస్త పొడుగ్గానే జవాబు రాస్తున్నాం.

మా రెండున్నరేళ్ళ పాపకి దగ్గు, జ్వరం, ఆయాసం వస్తే న్యుమోనియా అని చెప్పి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ మూడు రోజులకే రాశారు. ఇప్పుడు జ్వరం లేదు, బాగానే తింటోంది, దగ్గు మాత్రం పోలేదు. కోర్సు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని, సీసాలో మిగిలింది ఇంకో నాలుగు రోజులు పట్టించమని మా అత్తయ్య అంటున్నారు. ఏం చేయాలి? – ఒక తల్లి, పెరంబూరు

పట్టించకండి. డాక్టరు రాసిన కోర్సే మూడు రోజులది. మీరు మధ్యలో ఆపలేదు, పూర్తి చేశారు. అత్తయ్యగారి భయానికి కారణం డాక్టర్లే. ‘ఏడు రోజులూ తప్పకుండా వాడాలి’ అని ఏళ్ళ తరబడి చెప్పి అలవాటు చేసింది వాళ్ళే కదా.

మన దేశంలోనే ఏడు ఆస్పత్రుల ఓపీలకు వచ్చిన, రెండు నెలలు నిండి అయిదేళ్ళలోపు వయసున్న 2188 మంది పిల్లలతో చేసిన పరిశోధన ఫలితాలు 2004లో వచ్చాయి. అందరికీ తీవ్రం కాని న్యుమోనియానే. కొందరికి మూడు రోజులు, కొందరికి అయిదు రోజులు అమాక్సిసిలిన్ ఇచ్చారు. మూడు రోజుల వాళ్ళలో 89.5 శాతం మందికి, అయిదు రోజుల వాళ్ళలో 89.9 శాతం మందికి నయమైంది. 2021లో బ్రిటన్, ఐర్లండ్ ఆస్పత్రుల నుంచి క్యాప్-ఇట్ అనే పరిశోధన వచ్చింది. 814 మంది పిల్లల్లో మూడు రోజులను ఏడు రోజులతో పోల్చారు. మళ్ళీ యాంటీబయాటిక్ మొదలుపెట్టాల్సి వచ్చినవాళ్ళు రెండు వైపులా ఒకటే, నూటికి పన్నెండు పదమూడు మంది. తేడా దగ్గు దగ్గర కనిపించింది. ఏడు రోజులు వాడినవాళ్ళకు దగ్గు పది రోజుల్లో సర్దుకుంటే, మూడు రోజుల వాళ్ళకు పన్నెండు రోజులు పట్టింది. కాబట్టి మీ పాప దగ్గు ఇంకా ఉండటం వింతేమీ కాదు. ఆ దగ్గు ఒక్కదాని కోసం మళ్ళీ యాంటీబయాటిక్ అక్కర్లేదు.

మొండికేయడం సంగతి. యాంటీబయాటిక్ ఒంట్లో ఎన్ని ఎక్కువ రోజులుంటే, ముక్కులో, పేగుల్లో ఉండే మామూలు బ్యాక్టీరియాకు ఆ మందును తట్టుకోవడం అంతగా అలవాటవుతుంది. అవసరం తీరాక పోసే మందు వల్ల ఆ ముప్పు పెరుగుతుందే గాని తగ్గదు. క్షయ లెక్క పూర్తిగా వేరు, దాని గురించి కింద రాశాం.

ఈ మూడు రోజుల మాట ఇంట్లో ఉండి నోటిద్వారా మందు తాగగలిగే పిల్లలకే. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్ళు, ఊపిరితిత్తి చుట్టూ చీము చేరినవాళ్ళు, బాగా బక్కచిక్కిన పిల్లలు, రెండు నెలలు నిండని పసికందులు ఇందులోకి రారు.

మీరు చూడాల్సింది దగ్గును కాదు, ఊపిరిని. పాప నిద్రలోనో, ఏడవకుండా ఒళ్ళో కూర్చున్నప్పుడో చొక్కా పైకెత్తి, పొట్ట లేచి పడటాన్ని నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. చాలామంది పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తారు. పిల్లలు ఒక్కోసారి గబగబా పీల్చి, ఒక్కోసారి ఆగుతారు కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. జ్వరం మండిపోతున్నప్పుడు లెక్కపెట్టినా ఎక్కువే వస్తుంది, జ్వరం దిగాక మళ్ళీ చూడాలి. ఏడాది నుంచి అయిదేళ్ళ వరకు నిమిషానికి 40 గాని అంతకు మించి గాని ఉంటే ఆయాసం ఉన్నట్టు. రెండు నుంచి పదకొండు నెలల పిల్లలకు ఆ గీత 50, రెండు నెలల లోపు వాళ్ళకు 60. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోతున్నా (మనవాళ్ళు డొక్కలు ఎగరేయడం అంటారు), పాలూ నీళ్ళూ తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మిగిలిన సీసాను పారేయండి. నీళ్ళు కలిపిన డ్రై సిరప్ కలిపిన రోజు నుంచి వారం లోపే పనికొస్తుంది. ఇంకోసారి జబ్బు చేస్తే వాడదామని ఫ్రిజ్‌లో దాచిపెట్టడం మరీ తప్పు. దగ్గు సిరప్ కూడా కొనకండి. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ళలోపు వాళ్ళకు కూడా సాధారణంగా తగవని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో రాష్ట్రాలకు చెప్పింది. మధ్యప్రదేశ్‌లో పసిపిల్లల కిడ్నీలు పాడుచేసి ప్రాణాలు తీసిన కలుషిత సిరప్ తయారైంది మన పక్కనున్న కాంచీపురం జిల్లాలోనే. ఏడాది నిండిన పిల్లలైతే పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వవచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు, అందులో ఉండగల బొట్యులిజం క్రిమి వాళ్ళ పేగుల్లో విషం తయారుచేస్తుంది.

12 కిలోల బాబుకి జ్వరం మందు ‘ఏడున్నర ఎంఎల్’ అని డాక్టరు చెప్పారు. మెడికల్ షాపులో ఆ కంపెనీది లేదని వేరే సీసా ఇచ్చారు. రెండూ పారాసెటమాలే కాబట్టి అంతే పోయవచ్చా? – ఒక తండ్రి, ఆవడి

సీసా మీద చిన్న అక్షరాల్లో ఉన్న మి.గ్రా. అంకె చూడకుండా ఒక్క చుక్క కూడా పోయకండి.

పారాసెటమాల్ మోతాదు కిలో బరువుకు 15 మి.గ్రా. మీ బాబుకు ఒకసారికి 180 మి.గ్రా. అవుతుంది. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే అది 7.5 మి.లీ. డాక్టరు మనసులో ఉన్న సీసా ఇదే. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 3.6 మి.లీ. చాలు. ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండే చుక్కల మందు అయితే 1.8 మి.లీ. ఆ చుక్కల సీసా నుంచి ఏడున్నర పోస్తే 750 మి.గ్రా., అంటే నాలుగు డోసులకు పైగా ఒకేసారి లోపలికి పోతాయి. చిన్న సీసాలో చిన్న పిల్లల మందు పల్చగా ఉంటుందని అనుకుంటారు, నిజానికి అన్నిటికన్నా చిక్కనిది అదే.

వంటింటి చెంచాతో కొలవద్దు. సూది లేని 5 మి.లీ. సిరంజి కొనుక్కుని దాంతో పోయండి. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజు మొత్తంలో నాలుగు డోసులు మించకూడదు. వానాకాలం మన ఊళ్ళో డెంగీ తిరుగుతుంది కాబట్టి జ్వరం దేనివల్లో తేలేదాకా ఐబుప్రొఫెన్, మెఫనమిక్ యాసిడ్ వంటి వేరే జ్వరం మందుల జోలికి పోవద్దు. వాటితో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

మనవడికి పద్నాలుగు నెలలు. నీళ్ళ విరేచనాలైతే జింకు మందు 20 మి.గ్రా. పద్నాలుగు రోజులు ఇమ్మన్నారు. తాగించిన పావుగంటలో కక్కేస్తున్నాడు. విరేచనాలు మూడో రోజే ఆగిపోయాయి, జింకు కూడా ఆపేయవచ్చా? – ఒక అమ్మమ్మ, విల్లివాక్కం

రోజులు తగ్గించకండమ్మా. మోతాదు తగ్గించవచ్చేమో డాక్టరును అడగండి. ఈ సందేహంతోనే ఢిల్లీలోను, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లోను కలిపి ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లలు 4500 మందికి 20, 10, 5 మి.గ్రా. చొప్పున పద్నాలుగేసి రోజులు ఇచ్చి చూశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. అయిదు రోజులు దాటి విరేచనాలు సాగినవాళ్ళు 20 మి.గ్రా. పిల్లల్లో 6.5 శాతం, 10 మి.గ్రా. వాళ్ళలో 7.7, 5 మి.గ్రా. వాళ్ళలో 7.2 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. మందు వేసిన అరగంటలో వాంతి చేసుకున్నవాళ్ళు మాత్రం 20 మి.గ్రా. పిల్లల్లో 19.3 శాతమైతే, 5 మి.గ్రా. వాళ్ళలో 13.7 శాతమే. మీ మనవడి వాంతికి కారణం ఆ 20 కావచ్చు. విరేచనాలు ఆగాక కూడా జింకు ఇవ్వమనేది, జబ్బులో ఒంటినుంచి పోయిన జింకు తిరిగి చేరడానికి, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్ళీ విరేచనాలు పట్టుకోకుండా ఉండటానికి.

జింకు కన్నా ముందు ఓఆర్ఎస్ సరిగ్గా కలుస్తోందో లేదో చూడండి. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళకు, చిన్న ప్యాకెట్ 200 మి.లీ.కి. చాలా ఇళ్ళలో పెద్ద ప్యాకెట్‌లోంచి రెండు చెంచాలు తీసి గ్లాసులో కలుపుతారు. పొడిలో ఉప్పు, చక్కెర అంతటా సమంగా ఉండవు, పైగా చెంచా కొలత ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుంది. చిక్కగా కలిస్తే విరేచనాలు పెరుగుతాయి, ఒంట్లో ఉప్పు ఎక్కువవుతుంది. ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలిపి, 24 గంటల్లో మిగిలింది పారబోయండి. రెండేళ్ళలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరవాత 50 నుంచి 100 మి.లీ., చెంచాతో, నిమిషానికో రెండు నిమిషాలకో ఒకటి చొప్పున. కక్కితే పది నిమిషాలు ఆగి, ఇంకా మెల్లగా మొదలుపెట్టాలి. గ్లాసుతో గడగడా తాగిస్తే కడుపు సాగి మళ్ళీ కక్కుతాడు.

అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పండ్ల పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటిలో చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ, ఉప్పు చాలదు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల ప్రకారం లేని పానీయాల పేరులో ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఆ పోరాటానికి మన తెలుగువాళ్ళందరం రుణపడి ఉన్నాం.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, 24 కిలోలు. మెడలో బిళ్ళ కడితే సూదితో పరీక్ష చేసి టీబీ అన్నారు. పిల్లలకు నాలుగు నెలలు చాలని ఎక్కడో చదివాం, మాకు ఆరు నెలలు రాశారు. నాలుగు నెలలకు ఆపేయవచ్చా? – ఒక తండ్రి, అంబత్తూరు

మీరు చదివింది నిజమే, ఆ పరిశోధనలో మన చెన్నైకి కూడా భాగం ఉంది. షైన్ అని పేరు. ఉగాండా, జాంబియా, దక్షిణాఫ్రికా, భారత్‌లలో 16 ఏళ్ళలోపు పిల్లలు 1204 మందిని చేర్చారు. మన దేశంలో చెన్నై, పుణే కేంద్రాల్లో జరిగింది. 2022లో వచ్చిన ఫలితాల్లో నాలుగు నెలల వాళ్ళలోనూ, ఆరు నెలల వాళ్ళలోనూ చికిత్స విఫలమవడం వంటి చెడు ఫలితాలు 3 శాతమే. దాని ఆధారంగానే మూడు నెలల నుంచి 16 ఏళ్ళ వరకు, తీవ్రం కాని టీబీకి నాలుగు నెలల చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది.

పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల్లో గుల్లలు పడి వాటిలో క్షయ క్రిములు కోట్లలో పెరుగుతాయి. పిల్లల్లో ఎక్కువగా గ్రంథుల దగ్గరే, తక్కువ క్రిములతో ఉంటుంది. తక్కువ కాలం సరిపోవడానికి అదే కారణం.

‘తీవ్రం కాని’ అన్న మాటకు కచ్చితమైన హద్దులున్నాయి. మెడ వంటి చోట్ల పైకి కనిపించే గ్రంథుల టీబీ, ఊపిరి గొట్టాన్ని నొక్కని ఛాతీ గ్రంథులు, చిక్కులు లేని ఛాతీ నీరు, లేదా ఊపిరితిత్తిలో ఒకే భాగానికి పరిమితమై గుల్ల పడని జబ్బు. మెదడు, ఎముక, పొట్ట టీబీకి, మందుకు లొంగని టీబీకి ఈ లెక్క అస్సలు వర్తించదు. బయట మెడలో బిళ్ళ కనిపిస్తున్నా లోపల ఛాతీలో ఏముందో ఎక్స్‌రే చూస్తేగాని తెలియదు. కాబట్టి మీ డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి: ఛాతీ ఎక్స్‌రేలో ఏముంది? బిళ్ళలోంచి తీసిన నమూనాలో, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందని జన్యు పరీక్షలో తేలిందా? ఆ జవాబులు చూసి కాలం తగ్గించాల్సింది ఆయనే. రాసిన ఆరు నెలలను నాలుగు నెలలకు మీకై మీరు ఆపేస్తే, మిగిలిపోయిన క్రిములు తిరగబడే ముప్పుంది, మందుకు లొంగనివిగానూ మారవచ్చు. ఇక్కడ మాత్రం పెరంబూరు అత్తయ్యగారి మాటే ఖాయం.

మందు నడుస్తున్నప్పుడు బిళ్ళ ఒక్కోసారి ముందుకన్నా పెద్దదవుతుంది, పక్కన కొత్తది లేస్తుంది. చచ్చిన క్రిముల మీద ఒంటి రక్షణ వ్యవస్థ తిరగబడటం వల్ల అలా అవుతుంది. డాక్టరుకు చూపించండి, మందు ఆపకండి. మూత్రం, కన్నీళ్ళు నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్లే, భయం లేదు. వాంతులు ఆగకపోయినా, కళ్ళు పచ్చబడినా ఆ పూట మందు వేయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి, అది కాలేయానికి దెబ్బ తగిలిన గుర్తు.

నెలనెలా బరువు తూయించండి. వేసే మాత్రల సంఖ్య బరువు పట్టీలను బట్టి ఉంటుంది. 16 నుంచి 24 కిలోలది ఒక పట్టీ. మీ అమ్మాయి ఇప్పుడు దాని చివరి అంచున ఉంది. తిండి పట్టి 25కు చేరగానే మోతాదు మారాలి. మొదటి రోజు రాసిన చీటీతోనే చివరిదాకా లాగించేయడం మామూలుగా జరిగే పొరపాటు. మందులు ప్రభుత్వ కేంద్రంలో ఉచితం. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి. పిల్లకు టీబీ ఇచ్చిన పెద్ద మనిషి ఎవరో ఇంట్లోనో దగ్గరలోనో ఉంటారు.

ఇంకొక్క మాట. మన చెన్నై చేట్‌పట్‌లోని క్షయ పరిశోధన సంస్థ 1956లో మొదలైంది. శానటోరియంలో (క్షయ రోగుల ఆస్పత్రిలో) మంచమెక్కితేనే క్షయ నయమవుతుందని లోకమంతా నమ్మే రోజుల్లో, ఇంట్లో ఉండి మందులు తిన్నా అంతే నయమవుతుందని 1959లో చూపించింది ఆ సంస్థే. మీ అమ్మాయి ఇవాళ బడికి వెళ్తూ మందులు తినగలగడం వెనక ఆ పని ఉంది.

కోడలికి నెల తక్కువ కాన్పు అయింది. బిడ్డ 1.7 కిలోలు. రోజంతా రొమ్ము మీదే పడుకోబెట్టుకోమంటున్నారు. ఈ మద్రాసు ఎండలో ఆ వెచ్చదనం అవసరమా? – ఒక నాయనమ్మ, కొరుక్కుపేట

అవసరమేనమ్మా, దాని మేలు వెచ్చదనంతో అయిపోదు. భారత్‌తో సహా అయిదు దేశాల్లో ఒక కిలో నుంచి 1.8 కిలోలలోపు బిడ్డలు 3211 మందితో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి రోజుకు సుమారు 17 గంటలు ఉంచిన బిడ్డల్లో నెలలోపు చనిపోయినవాళ్ళు 12 శాతం. ముందు విడిగా ఉంచి, నిలదొక్కుకున్నాక తల్లికి ఇచ్చిన బిడ్డల్లో 15.7 శాతం. మేలు అంత స్పష్టంగా కనిపించడంతో పరిశోధనను ముందే ఆపేశారు. తల్లి ఒంటి మీది మంచి క్రిములు బిడ్డకు అంటడం, తక్కువ చేతులు మారడం, పాలు పడటం అన్నీ ఇందులో కలిసొస్తాయి.

బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటా తప్ప ఏమీ వేయకూడదు. చొక్కా తొడిగి పైన పొత్తిళ్ళు చుట్టి ఆనిస్తే చర్మం తగలదు, ఎక్కువ ఇళ్ళలో తప్పు ఇక్కడే. రొమ్ముల మధ్య నిలువుగా, కాళ్ళు కప్పకాళ్ళలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొద్దిగా పైకెత్తి ఉంచాలి. గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి గొట్టం మూసుకుంటుంది. పైనుంచి మెత్తటి గుడ్డ బిడ్డ చెవి దాకా వచ్చేలా బిగించి కట్టాలి. కోడలు వెల్లకిలా పడుకోకుండా దిండ్లు పెట్టుకుని వాలి కూర్చోవాలి. ఒక్కో విడత గంటకు తగ్గకుండా చూడండి. ఆమె స్నానానికి, భోజనానికి లేచినప్పుడు మీ అబ్బాయో మీరో ఆనించుకోవచ్చు. చేతులు కడుక్కుని, ఒంటికి నూనె, సెంటు లేకుండా ఉంటే చాలు.

ఎనిమిదేళ్ళ మా అబ్బాయికి ఆస్తమా. పెద్దాస్పత్రిలో కొత్త మందు పరిశోధనలో చేర్చమంటున్నారు. పిల్లాడి మీద ప్రయోగమా అని ఇంట్లో గొడవ. – ఒక తల్లి, టి.నగర్

గొడవ సహజమే. పిల్లల్లో పరీక్షించకుండా వాడితే ఏమవుతుందో కూడా చూడండి. తీవ్ర జ్వరంతో రక్తప్రసరణ తగ్గిన పిల్లలకు సెలైన్ గబగబా ఎక్కించడం మంచిదని అందరూ నమ్మేవాళ్ళు. ఆఫ్రికాలో 3141 మంది పిల్లలతో 2011లో ముగిసిన ఫీస్ట్ పరిశోధనలో, అలా ఎక్కించిన వాళ్ళలో రెండు రోజుల్లో చనిపోయినవాళ్ళు పదిన్నర శాతం, ఎక్కించని వాళ్ళలో 7.3 శాతం. వెంటిలేటర్లు లేని ఆస్పత్రుల లెక్క అది, అన్నిచోట్లకూ అలాగే వర్తించదు. అయినా, పరీక్షించి చూడకపోతే ఆ హాని ఎన్నటికీ బయటపడేది కాదు.

సంతకానికి ముందు సీటీఆర్ఐ (వైద్య పరిశోధనల జాతీయ రిజిస్ట్రీ) నంబరు అడగండి. మన దేశంలో మందుల పరిశోధన మొదటి మనిషిని చేర్చుకోకముందే ఆ జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి, నంబరు కొడితే వెబ్‌సైట్‌లో వివరాలు మీరే చూడవచ్చు. పరిశోధన తగునో కాదో చూసే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి ఉందా, మీ అబ్బాయికి ఉత్తుత్తి మందు పడే అవకాశం ఉందా, అలా పడితే ఇప్పుడు వాడుతున్న ఇన్‌హేలర్ కొనసాగిస్తారా? ఆస్తమా పిల్లాడికి చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. పరిశోధన వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని మందుల పరిశోధనలపై కేంద్రం 2019లో తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఎప్పుడైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, దాంతో మామూలు వైద్యం ఆగకూడదు.

అంగీకార పత్రం మీకు చదవడం వచ్చిన భాషలో ఉండాలి. చెన్నైలో మనవాళ్ళు చాలామంది తమిళం గడగడా మాట్లాడతారు, చదవలేరు. తమిళ కాగితం మీద సంతకం పెట్టేయకండి, తెలుగు పత్రం అడగండి, ఒక ప్రతి ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు ఆలోచించుకోండి. ఏడేళ్ళు నిండాయి కాబట్టి మీ అబ్బాయిని కూడా విడిగా అడగాలి, మీ ఎదుటే, వాడికి అర్థమయ్యే మాటల్లో. పన్నెండేళ్ళ దాకా నోటి మాట చాలు, ఆపైన రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎన్నిసార్లు రక్తం తీస్తారో, సూది ఎంత నొప్పి పుడుతుందో వాడికి చెప్పారా అని చూడండి. వాడికి నేరుగా మేలు చేసే వేరే దారి లేని వైద్యమైతే తప్ప, వాడు వద్దంటే మీ సంతకం ఉన్నా చేర్చుకోకూడదు.